మోటరు రూము నీడ

త్రివేణి తొమ్మిదో తరగతిలో ఉండగా అడిగితే కొన్న టెలిస్కోపు అది. నాలుగు రాత్రులు చందమామను చూసింది. తర్వాత అది అటక ఎక్కింది. ఇప్పుడు త్రివేణి కరీంనగర్‌లో ఒక దవాఖానలో నర్సు. మే నెల రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె తండ్రి దత్తాత్రి స్టూలు వేసుకుని ఆ డబ్బాను కిందికి దించాడు.

గొట్టానికి ఏమీ కాలేదు. ట్రైపాడ్ కాళ్లు మూడూ ఉన్నాయి. గొట్టం చివర వంపు తిరిగిన ముక్క ఉంది. దానిలో పెట్టి కన్ను ఆనించి చూసే అద్దాలు రెండు ఉండాలి. వాటిని ఐపీసులు అంటారు. ఒకటి పోయింది. రెండోదానికి బూజు పట్టింది.

"ఏం జేస్తవయ్యా దాంతోని?" అని అడిగింది భార్య శైలజ.

"అవ్వకు నాయిన గద్దె సూపియ్యాలె."

శైలజ చేతిలోని చాట పక్కన పెట్టింది. "గద్దె నీళ్లల్ల ఉంటే, నువ్వు సుక్కలు సూసేది దించినవు."

"నీళ్లు తగ్గినయట. మల్లేశం సూసొచ్చిండు."

దత్తాత్రికి యాభై నాలుగేళ్లు. సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద ఇరవై రెండేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. సొంతూరు వేములఘాట్. ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. ఊరివాళ్లలో చాలామంది గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి పోయారు. దత్తాత్రి అవ్వా అని పిలిచే తన తల్లి కొండవ్వను సిద్దిపేటకు తెచ్చుకున్నాడు.

తండ్రి ఆశయ్య ఊరు ఖాళీ కాకముందే చనిపోయాడు. వాళ్లింట్లో చనిపోయినవాళ్లను కాల్చరు, సొంత మెట్ట పొలంలో, చెల్కలో పూడుస్తారు. పూడ్చిన చోట నడుమెత్తు గద్దె కడతారు. భర్త ముందు పోతే పక్కన భార్యకు ఆరడుగుల జాగ వదిలి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పాతుతారు. ఆశయ్య గద్దె పక్కన ఆ నాలుగు రాళ్లు పాతించింది కొండవ్వే. రాయి రాయికీ నడుమ తానే అడుగులు వేసి కొలుచుకుంది.

కొండవ్వ ఫిబ్రవరిలో బాత్రూములో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఈ వయసులో ఆపరేషనుకు గుండె తట్టుకోదని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ముందు గదిలో మంచం మీదే ఉంది. చూడటానికి వచ్చిన చుట్టాలు వెళ్లేటప్పుడు గడప దగ్గర దత్తాత్రిని ఆపి, ఏ కాలనీ శ్మశానంలో జాగ అడుగుతావని మెల్లగా అడిగేవాళ్లు. మెల్లగా అన్నా ఆమెకు వినపడేది.

"గా కాలనీల నేను పండ. నాకు జాగ ఉన్నది" అనేది.

"అవ్వా, గది నీళ్లల్ల ఉన్నది."

"నీళ్లు ఎండకాలం తగ్గుతయి గదా. నేను ఎండకాలంలనే పోత తియ్యి, నీకు తక్లీఫ్ లేకుంట." అని నవ్వేది. తర్వాత నవ్వు ఆపి, "మొదలు గద్దె ఉన్నదా లేదా, గది సూపియ్యి. ఉన్నదంటే నన్ను గాడ పెట్టుడు నీ పని. లేదంటే అప్పుడు చెప్త" అనేది.

ఏం చెబుతుందో ముందే చెప్పేది కాదు. దత్తాత్రి అడగలేదు.

మల్లేశం రిజర్వాయరులో చేపలు పట్టే మనిషి. స్టూడియోకు పాస్‌పోర్టు ఫొటోల కోసం వచ్చి, ఆ సంగతి చెప్పాడు. ఈసారి నీళ్లు ఎన్నడూ లేనంత తగ్గాయని, వేములఘాట్ దిక్కు ఒక మట్టి దిబ్బ తేలిందని, దాని మీద ఒక మోటరు రూము, రూము పక్కన దిమ్మె లాంటిది కనపడుతున్నాయని అన్నాడు.

"రూముకు ఏ దిక్కున్నది దిమ్మె?"

"నాకేం ఎరుకనే అన్నా. నా సూపు వల మీదుంటదా, మీ చెల్కల మీదుంటదా?"

"నన్ను తెప్ప మీద తీస్కపోతవా?"

"దిబ్బ సుట్టు బురద. అర కిలోమీటరు ఇవుతల్నే తెప్ప ఆగుతది. దిగినవా, మెడ దాక పోతవు. మల్ల నిన్ను గూడ పూడ్వాల్సిన పని ఉండది."

దత్తాత్రి దగ్గర పెళ్లిళ్లకు వాడే డ్రోను ఉంది. దాన్ని తీసుకుని కట్ట మీదికి పోయాడు. కట్ట గార్డు బ్యాగు జిప్పు తెరవనిచ్చాడు గానీ డ్రోనును బయటికి తీయనివ్వలేదు. ఎగరేస్తే కేసు అవుతుందన్నాడు. నిలబడి ఫొటోలు తీసుకుంటే తనకు పట్టింపు లేదన్నాడు. అప్పుడు పది గంటలైంది. దత్తాత్రి తన కెమెరాకు రెండు వందల నంబరు లెన్సు పెట్టి నలభై ఫొటోలు తీశాడు. ఇంటికి వచ్చి పెద్దవి చేసి చూస్తే మోటరు రూము ఒక మచ్చ. ఎండకు లేచిన ఆవిరిలో దాని అంచులు విరిగిపోయాయి. పక్కన ఏదో ఉన్నట్టు ఒక ఫొటోలో ఉంది, లేనట్టు ఇంకో ఫొటోలో ఉంది. మ్యాపులో కొలిస్తే కట్ట నుంచి రూముకు రెండున్నర కిలోమీటర్లు.

టెలిస్కోపు గుర్తొచ్చింది అప్పుడే.

ఫోనులో వెతికి ఐపీసు తానే ఎంచుకున్నాడు. నాలుగు నుంచి నలభై దాకా నంబర్లు ఉన్నాయి. అన్నింటికన్నా పెద్దది నలభై. ఆర్డరు పెట్టాడు. అయిదు రోజులకు వచ్చింది. మేడ మీదికి పోయి దూరంగా ఉన్న సెల్ టవరు వైపు పెట్టి చూశాడు. టవరు ఉన్నచోటే ఉంది, కొంచెం దగ్గరకు వచ్చిందంతే.

ఐపీసు డబ్బా మీద అమ్మినవాళ్ల నంబరు ఉంది. హైదరాబాదు నంబరు. భానుప్రకాశ్ అనే అతను ఫోనెత్తాడు. సంగతి విని అడిగాడు.

"అన్నా, మీరు ఏం పని చేస్తరు?"

"ఫొటోగ్రాఫర్‌ను."

"గందుకే. కెమెరాల నంబరు పెరిగితే దూరంది దగ్గరికొస్తది. గిది దానికి ఉల్టా. గొట్టం మీద ఏడు వందలని రాసి ఉన్నదా?"

"ఉన్నది."

"దాన్ని ఐపీసు నంబరుతోని భాగించున్రి. నలభైతోని భాగిస్తే పదిహేడు రెట్లు. పది నంబరుదైతే డెబ్బై రెట్లు. మీ ఫొటోగ్రాఫర్లందరు నలభై నంబరుదే కొంటరు. మీ దయవల్ల నా దగ్గర గవి నిల్వ ఉండవు."

దత్తాత్రికి నవ్వు రాలేదు. అయిదు రోజులు పోయాయి. జూన్‌లో పైనుంచి నీళ్లు ఎత్తిపోస్తారు. దిబ్బ మళ్లీ మునుగుతుంది.

"నాలుగు నంబరుది పంపు మల్ల."

"నూట డెబ్బై అయిదు రెట్లు. మీ గొట్టం నోరు డెబ్బై మిల్లీమీటర్లే. నూట నలభై దాటితే పొగ సూసినట్టు ఉంటది. అసలు మీరు సూసేది ఏందన్నా? చంద్రుడా, శని వలయాలా?"

"సమాధి" అన్నాడు దత్తాత్రి. "నీళ్ల మీదికెల్లి, రెండున్నర కిలోమీటర్లు."

భానుప్రకాశ్ గొంతు తగ్గించి, ఒక్కొక్కటి చెప్పాడు. పగలు నీళ్ల మీదుగా చూసేటప్పుడు యాభై రెట్లు దాటితే గాలి వణుకే కనిపిస్తుంది, వస్తువు కాదు. పదిహేను నంబరుది చాలు, దానితో నలభై ఆరు రెట్లు. పొద్దు పొడిచిన అరగంట లోపలే చూడాలి, నేల వేడెక్కితే అయిపోయినట్టే.

"కండ్లతోని సూస్తరా, ఫొటో తీస్తరా?"

"ఫొటోనే. మా అవ్వ మంచం దిగది."

"కెమెరా బరువెంత?"

"లెన్సు లేకుంట ఏడు వందల గ్రాములు."

"మీ ట్రైపాడ్ మోయది. ముక్కు కిందికేస్తది. పైగా కెమెరా నేరుగ బిగిస్తే బొమ్మ తలకిందులొస్తది. ఫోను బిగించే క్లాంపు తీసుకోన్రి. ప్లాస్టిక్‌ది వద్దు, గాలికి ఊగుతది. మూడు మరలుండే ఇనుపది. పదిహేను నంబరుదానికి అద్దం వెడల్పు, ఫోను కన్ను దాని మీద కుదురుతది. పది నంబరుదైతే సూది బెజ్జమంత, సగం బొమ్మ నల్లగ వస్తది."

దత్తాత్రి బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాడు. పదిహేను. క్లాంపు. మూడు మరలు.

"ఇంకొకటన్నా. మీ గొట్టానికున్న వంపు ముక్క ఉన్నదే, అందుల ఉన్నది అద్దం. ఆకాశానికి గది సాలు. నేల మీదియి సూడాలంటే ప్రిజం ముక్క పెట్టుకోవాలె."

"నా దాంట్ల బొమ్మ నిలువుగనే కనవడ్తున్నది."

"నిలువుగనే ఉంటది, గని..."

"ప్రిజం పెడితే వెలుతురు తగ్గుతదా?"

"జర తగ్గుతది. అంచులు గూడ మెత్తవడ్తయి."

"అయితే నాకొద్దు."

స్టూడియోలోకి ఎవరో పిల్లను ఎత్తుకుని ఆధార్ ఫొటోకు వచ్చారు. దత్తాత్రి ఫోను పెట్టేశాడు. భానుప్రకాశ్ ఆ తర్వాత ఏమనబోయాడో అతను మళ్లీ అడగలేదు.

పార్శిలు నాలుగో రోజు వచ్చింది. సాయంత్రం మేడ మీద సెల్ టవరు చూశాడు. టవరు మీది గొడుగుల మీద కూర్చున్న కొంగ ఈకలను లెక్కపెట్టగలిగాడు. గొట్టాన్ని ఎడమకు జరిపితే కొంగ అనుకున్న వైపు కాకుండా ఇంకో వైపుకు పోయేది. టెలిస్కోపు స్వభావం అంతే కాబోలు అనుకున్నాడు.

మర్నాడు నాలుగున్నరకు భార్యాభర్తలు బండి మీద బయలుదేరారు. శైలజ గొట్టాన్ని ఒడిలో అడ్డంగా పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఐపీసును రుమాలులో చుట్టి రవికెలో పెట్టుకుంది. తొగుట దాటాక తెల్లవారింది. కట్ట మీద గార్డు అదే మనిషి.

"ఇయ్యాల ఫిరంగి తెచ్చినవా?"

"దుర్భిణి. ఎగరది, పేలది."

"పేలకుంటే పెట్టుకో. ఆరున్నరకు మా సార్ వస్తడు, గా లోపల ఎత్తెయ్యాలె."

వాళ్లు నిలబడింది ఉత్తరం కట్ట. ఎదురుగా దక్షిణం. ఎడమచేతి వైపు తూర్పు, కుడిచేతి వైపు పడమర. మోటరు రూము రెండు చెల్కల నడుమ గట్టు మీద ఉండేది. రూముకు తూర్పున దత్తాత్రి వాళ్ల చెల్క, పడమట సిద్ధయ్య వాళ్లది. బావి పొత్తుది, మోటరు పొత్తుది. రూముకు ఎనిమిది అడుగుల దూరంలో తూర్పున ఆశయ్య గద్దె. అంతే దూరంలో పడమట సిద్ధయ్య తల్లి గద్దె. ఈ లెక్క దత్తాత్రికి, శైలజకు ఎవరూ చెప్పనక్కరలేదు. గద్దె ఎడమ పక్క ఉంటే తమది.

సూర్యుడు పొడిచాడు. దత్తాత్రి గొట్టాన్ని అంగుళం అంగుళం జరిపాడు. నీళ్లు, నీళ్లు, బురద, మొద్దు, బురద. తర్వాత మోటరు రూము వచ్చింది. పైకప్పు లేదు. తలుపు లేదు. నాలుగు గోడలు నిలబడి ఉన్నాయి.

రూముకు ఎడమ పక్క గద్దె ఉంది.

అతను కన్ను తీసి శైలజ వైపు చూశాడు. ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎడమ దిక్కే" అంది. "మామ గద్దెనే. నిలవడ్డది, సూడు, ఒక్క ఇటుక గూడ రాలలే." ఆమె లేచి నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది.

దత్తాత్రి ఫోను బిగించాడు. ఒక మర బిగిస్తే బొమ్మ పక్కకు పోయింది, ఇంకోటి వదులు చేస్తే మధ్యకు వచ్చింది. చేయి తగిలితే కదులుతుందని ఇయర్‌ఫోను తీగ పెట్టి దాని బటనుతో నొక్కాడు. నూట పదహారు ఫొటోలు తీశాడు. ఆరుంబావుకు నీళ్ల మీద వణుకు మొదలైంది. గద్దె రెండుగా చీలి మళ్లీ ఒకటయింది. అతను గొట్టం మూత పెట్టాడు.

తిరుగుదారిలో శైలజ వెనక నుంచి అడిగింది. "నాలుగు రాళ్లు కనవడ్డయా?"

"మట్టి కప్పేసి ఉంటది."

"అత్తమ్మ అడుగుతది."

"గద్దె ఉన్నది గదా. రాళ్లదేమున్నది."

నూట పదహారులో పదునుగా వచ్చింది ఒకటి. స్టూడియోలో దాన్ని కంప్యూటరులో పెట్టి నలుపును కొంచెం తగ్గించాడు. పన్నెండు పద్దెనిమిది సైజులో ప్రింటు తీసి లామినేషను చేయించాడు. ఏ పెళ్లి మండపంలోకి పోయినా ముందు వెలుతురు ఏ పక్క నుంచి పడుతుందో చూసుకునే మనిషి. ఆ రోజు గద్దెనొక్కటే చూశాడు.

మధ్యాహ్నం కొండవ్వను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. శైలజ కళ్లద్దాలు తుడిచి పెట్టింది. దత్తాత్రి ఫొటోను ఆమె ఒడిలో పెట్టాడు.

"సూడవ్వా. గిది మోటరు రూము. గిది నాయిన."

కొండవ్వ వేలితో గద్దె మీద తాకింది. వేలు అక్కడే ఉంచి, "నేను చెప్పలే?" అంది. "ఉంటడు, యాడికి పోతడు అని చెప్పలే? మీరే ముంచిన్రు మనిషిని." రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. శైలజను దీపం ముట్టించమంది. ఫొటో ముందు దీపం పెట్టారు. ఇంత బెల్లం పెట్టారు. పది రోజులుగా అన్నం వద్దంటున్న మనిషి ఆ పూట గిన్నెడు పెరుగన్నం తిన్నది.

"గప్పుడు చెప్పిన మాటే. నన్ను గాడనే పెట్టాలె" అంది.

"పెడతనే."

"ఈ నెలలనే పోత. వానలు వడకముందే."

"పోదువు తియ్యి, పెరుగన్నం అరిగినంక."

దత్తాత్రి స్టూడియోకు పోయాడు. నాలుగు గంటలకు శైలజ ఫోను చేసింది. అత్తమ్మ పిలుస్తోందని, ఆ బొమ్మను కింద పెట్టకుండా చూస్తోందని చెప్పింది. దీపం ఆర్పేయమందని కూడా చెప్పింది.

అతను వచ్చేసరికి కొండవ్వ ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టుకుని ఉంది.

"దత్తూ, గిది పొద్దుగాల తీసినవా, మాపటీలి తీసినవా?"

"పొద్దుగాల. అయిదు నలభై అయిదుకు."

"మరి నీడ గిట్ల వడ్డదేంది?"

అతను వంగి చూశాడు. మోటరు రూము నీడ ఎడమకు పడింది. గద్దెలో సగం ఆ నీడలో ఉంది.

"పొద్దుగాల నీడ సిద్ధయ్యోళ్ల దిక్కు వడాలె" అంది కొండవ్వ. "ముప్పై ఏండ్లు పొద్దుటి సద్ది నేను, సిద్ధయ్య తల్లి వాళ్ల దిక్కు నీడల కూసొని తిన్నం. పగటి బువ్వ మన దిక్కు తిన్నం. మీ నాయినను గాడ ఎందుకు పెట్టిచ్చిన? పొద్దు పొడుస్తనే మీద ఎండ వడాలెనని. ఆయనకు సలి పడది. పొద్దుగాల ఆయన మీద నీడ వడనే వడది."

దత్తాత్రి అటక కింద పెట్టిన టెలిస్కోపు తీసుకుని మేడ మీదికి పోయాడు. రోడ్డు చివర ఉన్న మందుల దుకాణం బోర్డు మీదికి గొట్టం తిప్పాడు. బోర్డు నిలువుగానే ఉంది. అక్షరాలు మాత్రం అద్దంలో చూసినట్టు వెనక నుంచి ముందుకు ఉన్నాయి.

అక్కడి నుంచే భానుప్రకాశ్‌కు ఫోను చేశాడు.

"గదే చెప్పబోయినన్నా" అన్నాడు అతను. "అద్దం ముక్కల ఎడమది కుడికొస్తది, కుడిది ఎడమకొస్తది. గందుకే ప్రిజం అన్న. చందమామకైతే ఎవరు పట్టించుకోరు. ప్రిజం పంపాల్నా?"

"ఇప్పుడెందుకు" అన్నాడు దత్తాత్రి.

మెట్ల మీద కూర్చుని ఫోనులోనే ఫొటోను కుడి ఎడమలు మారేటట్టు తిప్పాడు. దానికి ఒక్క నొక్కు చాలు. నీడ కుడికి వచ్చింది, పడమటికి. గద్దె కూడా కుడికి వచ్చింది. అది సిద్ధయ్య తల్లి గద్దె.

ఎడమ పక్క, తూర్పున, ఎండ పడుతున్న చోట, బురద ఉంది. వేళ్లతో పెద్దది చేశాడు. బురదలో ఒకచోట ఎర్రటి మరక ఉంది. ఇటుక కావచ్చు. బురదే కావచ్చు.

ఆ గద్దెను మట్టితో కట్టించిన సంగతి అతను ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. మేస్త్రీ సిమెంటు అడిగితే ఇప్పటికి మట్టితో కానియ్యి, సంవత్సరీకానికి సిమెంటు చేద్దామన్నాడు. సంవత్సరీకం వచ్చేసరికి ఊరు మునుగుతుందన్న మాట వచ్చింది. మునిగేదానికి సిమెంటెందుకన్నాడు. అదే సంవత్సరం సిద్ధయ్య, మగ్గాల పని చేసే భివండి నుంచి వచ్చి తల్లి గద్దెకు సిమెంటు చేయించి, పేరు చెక్కించాడు. పొత్తుల బావి కాడ నిలబడి దత్తాత్రి అతన్ని ఎగతాళి చేశాడు. "నీళ్లల్ల ఎవరు సదువుతరు తమ్మీ, చాపలా?" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. సిద్ధయ్య కూడా నవ్వాడు, పని మాత్రం ఆపలేదు.

దత్తాత్రి కిందికి దిగాడు. గదిలో శైలజ మంచం పక్కన నిలబడి ఉంది. కొండవ్వ అతని ముఖం చూసింది.

"సిద్ధయ్య తల్లిదే గదా?"

"అవునే. దుర్భిణిల కుడి ఎడమ మారినయి."

"మరి మనది?"

అబద్ధం చెప్పవచ్చు. బురద కప్పేసిందనవచ్చు. పొద్దున శైలజతో ఆ మాటే అన్నాడు. ఫోను తల్లి చేతికి ఇచ్చి, ఎర్రటి మరక ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు.

"మట్టితోని కట్టిచ్చినం గదవ్వా. నేనే వద్దంటి సిమెంటు."

కొండవ్వ ఆ మరకను చూసింది. కళ్లద్దాలు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. దత్తాత్రి తిట్టు కోసం ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు.

"నువ్వొక్కనివే అన్నవా. నేను గూడ అన్న" అంది. "మునిగేదానికెందుకు బిడ్డా అని నేను గూడ అన్న."

ఆమె అలా అనలేదు. అన్నట్టు అతనికి గుర్తు లేదు. శైలజ వైపు చూశాడు. శైలజ తల దించుకుంది.

"రాళ్లు?"

"కనవడ్తలెవ్వు."

"ఇగ జాగ ఏడిది మల్ల" అంది కొండవ్వ. ఫోను తిరిగి ఇచ్చింది. ఆ ఫోను ఇచ్చిన చేతితోనే దుప్పటి సర్దుకుంది. "లేదంటే చెప్తనన్న గదా. చెప్తున్న, ఇను. నన్ను కాలబెట్టు" అంది.

"అత్తమ్మా!" అంది శైలజ.

"ఏందే? ఆయన గద్దె కరిగి నీళ్లల్ల కలిసె. నన్ను గా కాలనీల పూడిస్తే నేనొకతాన, ఆయనొకతాన. కాలబెట్టి బూడిద తీస్కపోయి గా కట్ట మీదికెల్లి ఇడిచిపెట్టున్రి."

"మనోళ్లల్ల ఎవరు కాలబెట్టిన్రు అవ్వా? మంది ఏమంటరు?"

"మందిని ఏ దిక్కు ముంచిన్రో నాకెరుకనా? గా మందిని ఎత్కచ్చి అడుగు పో." కొండవ్వ గోడ వైపు తల తిప్పుకుంది. తిప్పుకున్నాక మళ్లీ అంది. "గా ఫొటో సిద్ధయ్యకు పంపు. పిల్లగాడు తల్లిని సూసుకుంటడు. సక్కగ తిప్పి పంపు."

ఆ సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా ముట్టలేదు. లామినేషను ఫొటోను శైలజ గోడ వైపు తిప్పి బీరువా పక్కన పెట్టింది.

దత్తాత్రి తిప్పిన ఫొటోను సిద్ధయ్యకు పంపాడు. కింద ఒక్క వాక్యం రాశాడు. మీ అవ్వ గద్దె, నిలబడి ఉన్నది. గంట తర్వాత జవాబు వచ్చింది. మాటలు రికార్డు చేసి పంపాడు. వెనక మగ్గాల చప్పుడు. అతను దాని మీద అరిచి మాట్లాడుతున్నాడు.

"దత్తన్నా! మా అవ్వదేనా గది? పదిసార్లు సూసిన. మా పిల్లలకు సూపిచ్చిన. సేటుకు గూడ సూపిచ్చిన." కొంచెంసేపు మగ్గాలే వినిపించాయి. "అన్నా, ఇంకింత దగ్గరికి రాదా? పేరు రాపిచ్చిన గదా గద్దెకు. పేరు కనవడేటట్టు ఒక్కటి తియ్యరాదే."

తన ఎగతాళి సంగతి అతను ఎత్తలేదు.

దత్తాత్రి ఆ ఫొటోలో గద్దె ముఖాన్ని పెద్దది చేసి చూశాడు. పేరు ఉండాల్సిన చోట బొమ్మ పగిలి గళ్లు కనిపించాయి. భానుప్రకాశ్‌కు ఫోను చేసి, రెండున్నర కిలోమీటర్ల మీద రెండు అంగుళాల అక్షరాలు చదవాలంటే ఏ నంబరు ఐపీసు కావాలని అడిగాడు.

"ఆ గొట్టానికి ఏ నంబరు పెట్టినా రాదన్నా" అన్నాడు అతను. "పది నంబరుది పంపుత, పైసలొద్దు. పెట్టి సూడున్రి. గని రాదు."

పది నంబరుది మూడో రోజు వచ్చింది. దత్తాత్రి ఒక్కడే కట్ట మీదికి పోయాడు. శైలజ ఇంకా అన్నం ముట్టని అత్తను విడిచి రాలేనంది. గార్డు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"నిన్నటి నుంచి నీళ్లు ఇడిచిన్రు" అన్నాడు. "ఏం సూస్తవింక?"

దత్తాత్రి ట్రైపాడ్ నిలబెట్టాడు. ఐపీసు పెట్టాడు. క్లాంపు బిగించి, మూడు మరలూ తిప్పి ఫోను కన్నును సూది బెజ్జం మీదికి తెచ్చాడు. సగం బొమ్మ నల్లగా ఉంది. మిగిలిన సగంలో మోటరు రూము గోడలు. గోడల కింద నీళ్లు. గద్దె పైభాగం జానెడు ఉంది. నీళ్ల మీద పడిన వెలుతురుకు అది రెండుగా చీలుతోంది, ఒకటవుతోంది.

రూముకు అవతలి పక్క నీళ్లు మాత్రమే ఉన్నాయి. అతను గొట్టాన్ని అటు జరిపాడు. ఈసారి ఎటు జరపాలో తడుముకోలేదు. అక్కడ ఒక ఫొటో తీశాడు. నీళ్ల ఫొటో.

మళ్లీ గద్దె మీదికి తెచ్చాడు. వణుకు తగ్గినప్పుడల్లా బటను నొక్కాడు. ఆరున్నర దాకా తీశాడు. ఒక్కదానిలోనూ పేరు లేదు.

గార్డు వచ్చి వెనక నిలబడ్డాడు. "సార్ బండి వస్తున్నది, ఎత్తెయ్యి" అన్నాడు.

దత్తాత్రి మరలు ఒక్కొక్కటే విప్పాడు. ఫోను జేబులో పెట్టుకోబోతుంటే మోగింది. శైలజ పేరు కనిపించింది. అతను ఎత్తలేదు. ముందు ఐపీసుకు మూత పెట్టాడు, గొట్టానికి మూత పెట్టాడు, ట్రైపాడ్ కాళ్లు మూడూ మడిచాడు. ఫోను ఆగి మళ్లీ మోగింది.

అప్పుడు ఎత్తాడు.